అమ్మ నూనె, అత్తయ్య షాంపూ, మధ్యలో నా తల

హైదరాబాద్ నిజాంపేట నుంచి ఒక పాఠకురాలు చర్మవైద్యం చేసే నాకు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 31. పుట్టింది, పెరిగింది అమలాపురం దగ్గర ఒక పల్లెలో. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చి మూడేళ్లయింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భర్త, అత్తగారు, ఆవిడ కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. బోరు నీళ్లు, ఎండాకాలం వస్తే ట్యాంకర్.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ తల గురించి ఆలోచించే అవసరమే రాలేదట. హైదరాబాద్ వచ్చిన రెండో చలికాలంలో పాపిట పక్కన తెల్లటి పొడి మొదలైంది. తలస్నానం చేశాక మాడు లాగినట్టు ఉండేది. వీడియో కాల్‌లో చూసిన అమ్మ, "తల ఎండు గడ్డిలా ఉందే, నూనె ముట్టుకోవట్లేదా?" అని మర్నాడే ఇంటి కొబ్బరితో గానుగ ఆడించిన నూనె ఐదు లీటర్ల డబ్బా బస్సులో పంపించేశారు. అప్పటినుంచి రాత్రి పట్టించి పొద్దున్నే తలంటుకోవడం, సెలవు వస్తే రెండు రోజులు అలాగే ఉంచేయడం. కొన్నాళ్లకు పొడి పోయి పసుపుపచ్చటి పొలుసులు వచ్చాయి. జిడ్డుగా, జుట్టు మొదట్లో అంటుకుని ఉంటున్నాయి. చెవుల వెనక, కనుబొమ్మల్లో కూడా పొట్టు లేస్తోంది. నిమ్మరసం రాస్తే ప్రాణం పోయేంత మంట. మెడికల్ షాపు కుర్రాడు ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజుల్లో దురద మాయం, వారానికి మళ్లీ హాజరు. అలా నాలుగు నెలలు.

అత్తగారిది వేరే దారి. "నూనె వల్లే ఇదంతా. రోజూ షాంపూతో రుద్ది కడుక్కో" అంటారు. పది రోజులు అదీ చేశారు. జిడ్డు తగ్గింది, మంట పెరిగింది. అసలు గాయం మాత్రం ఇది కాదు. మొన్న బంధువుల గృహప్రవేశంలో, నలుగురి ముందు, అత్తగారు ఈవిడ భుజాల మీద పొట్టును చేత్తో దులిపి "మా కోడలికి ఉప్పు జల్లుకోవడం అలవాటు" అని నవ్వారట. ఆ రోజు నుంచి నల్ల బట్టలు బీరువాలో ఉండిపోయాయి. సెలూన్‌కి వెళితే అక్కడి అమ్మాయి చూసి ఆరు సిట్టింగుల ప్యాకేజీ చెప్పింది. నూనె రాసుకోవట్లేదని తెలిస్తే అమ్మ చిన్నబుచ్చుకుంటుంది. రాసుకుంటే అత్తయ్య ముఖం చిట్లిస్తుంది. "ఎవరి మాట వినాలి? ఇది జీవితాంతం ఉంటుందా? జుట్టంతా రాలిపోతుందా?" అని అడిగారు.

*

చివరి ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను, టెన్షన్ కాస్త తగ్గుతుంది. ఈ పొలుసుల వల్ల బట్టతల రాదు. గోకినప్పుడు కొన్ని వెంట్రుకలు తెగుతాయి, వాపు ఉన్నన్నాళ్లు కొంచెం ఎక్కువ రాలతాయి. మాడు నెమ్మదించాక అవి తిరిగి వస్తాయి. ఎవరికైనా రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. దువ్వెనలో చుట్ట చూసి భయపడకండి.

ఇప్పుడు అమ్మా, అత్తయ్యా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అనిపించింది ఏంటంటే, ఇద్దరూ చెరో సగం కరెక్టు. కాకపోతే ఇద్దరూ చెబుతున్నది రెండు వేర్వేరు జబ్బుల గురించి. మీ తలకి ఆ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి.

మొదట ఆ చలికాలంలో మీకు వచ్చింది చుండ్రు కాదు, ఉత్త పొడిబారడం. కోనసీమలో గాలిలోనే తేమ ఉంటుంది. డిసెంబరు, జనవరిలో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది. ఆ చలికి మనం గీజర్ వేడి పెంచుతాం. సలసలకాగే నీళ్లు చర్మం మీద ఉండే సహజమైన జిడ్డును కడిగేస్తాయి. దానికి తోడు బోరు నీళ్లు. అప్పుడు రాలేది సన్నటి తెల్ల పొడి, తల విదిలిస్తే పడిపోతుంది. స్నానం చేశాక చర్మం లాగుతుంది. అదే రోజుల్లో కాళ్ల పిక్కల మీద గోరుతో గీస్తే తెల్ల చార పడి ఉంటుంది కూడా, గుర్తు తెచ్చుకోండి. ఆ దశలో మీ అమ్మగారు చెప్పిన నూనె మంచి మందే. తలంటుకి అరగంట ముందు, కొద్దిగా.

రెండోది అసలైన చుండ్రు. మీ కనుబొమ్మలు, చెవుల వెనక భాగం ఆ మాట చెప్పేశాయి. ఉత్త పొడిబారిన తల కనుబొమ్మల్లోకి దిగదు. చర్మంలో జిడ్డు ఎక్కువ ఊరే చోట్లు అవి: తల, కనుబొమ్మలు, ముక్కు పక్కలు, చెవి వెనక, మగవాళ్లకైతే గడ్డం, ఛాతీ కూడా. అక్కడ మలసీజియా అనే ఒక ఈస్ట్, అంటే కంటికి కనపడని ఫంగస్, ఉంటుంది. 19వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త మలసే పేరు మీద దానికా పేరు వచ్చింది. మీకే కాదు, నాకూ ఉంటుంది, మీ అత్తయ్యగారికీ ఉంటుంది. దానికి తిండి జిడ్డు. ఆ జిడ్డును విరగ్గొట్టి తిన్నాక అది వదిలే కొవ్వు ఆమ్లాలు కొందరి చర్మానికి పడవు. చర్మం కంగారుపడి పైపొరను త్వరత్వరగా రాల్చేస్తుంది. పొలుసులంటే అవే. అంటే ఇది మురికి జబ్బు కాదు, అంటుకునేదీ కాదు. తల దిండు మీద పెట్టుకుంటే మీ వారికి వచ్చేస్తుందన్న భయం కూడా అక్కర్లేదు.

ఇలాంటి తలకి రెండు రోజులపాటు నూనె పట్టించి ఉంచితే ఏమవుతుంది? పొలుసులు నూనెలో నాని అణిగిపోతాయి, కాబట్టి బాగున్నట్టే ఉంటుంది. కడిగాక రెట్టింపై లేస్తాయి. మీ అమ్మగారికి ఫోన్‌లో "నూనె రాసిన రోజు బాగుందమ్మా" అని చెప్పింది మీరే కదా. పాపం, ఆవిడ ఇంకా రాయమనక ఏం చేస్తారు?

అత్తయ్యగారి రోజూ షాంపూ సలహాలోనూ ఇలాంటి మెలికే ఉంది. జిడ్డు పేరుకోనివ్వకూడదన్నది నిజం. కానీ గోకి గోకి పుండైన మాడు మీద మామూలు షాంపూతో, వేడి నీళ్లతో, గోళ్లతో రోజూ రుద్దితే చర్మం ఇంకా చిట్లుతుంది. పొలుసు పోలేదు, మంట చేరింది.

నా మాట మీద నమ్మకం పెట్టేసుకోకుండా ఒక పని చేయండి. రెండు రోజులు నూనె, గీనె ఏదీ పెట్టకండి. మూడో రోజు పొద్దున్న కిటికీ దగ్గర కూర్చుని, బీరువాలో పెట్టేసిన ఆ నల్ల చున్నీలలో ఒకటి ఒళ్లో పరచుకోండి. పాపిట తీసి దువ్వెన మొనతో మెల్లగా గీరండి. పడిన పొట్టును రెండు వేళ్ల మధ్య నలపండి. పిండిలా రాలిపోతే పొడిబారడం. మైనంలా వేలికి అంటుకుంటే చుండ్రు. ఎర్రటి చర్మం మీద గట్టి అంచులతో, వెండి రంగులో మందంగా పెచ్చులు కట్టి, నుదుటి మీదకి కూడా దిగి, మోచేతుల మీద, మోకాళ్ల మీద అలాంటివే ఉంటే అది సోరియాసిస్ కావచ్చు. ఆ కథ వేరు, డాక్టరు చూడాల్సిందే. పనిలో పనిగా మెడ వెనక, చెవుల పైన వెంట్రుకలకి ఈపి గుడ్లు అంటుకుని ఉన్నాయేమో మీ వారిని చూడమనండి. నవ్వకండి. చుండ్రు అనుకుని వచ్చిన పెద్ద ఉద్యోగస్తుల తలల్లో నేను పేలు చూశాను. పొట్టు ఊదితే కదులుతుంది, ఈపి కదలదు.

మీరు రాసినదాన్ని బట్టి వేలికి మైనమే అంటుతుందని నా అంచనా. అలా అయితే మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, ఏమీ చేయకుండా ఆగడం. మూడు వారాలు నూనె ఆపి, ట్యూబు (రోజూ రాసింది కాకపోతేనే) ఆపి, వారానికి రెండుసార్లు నురగ తక్కువ వచ్చే మామూలు షాంపూతో గోరువెచ్చటి నీళ్లతో కడుక్కోవడం. ఖర్చు లేదు. చర్మం తనంతట తాను ఎంత సర్దుకోగలదో తెలుస్తుంది. ఇబ్బంది ఏంటంటే, నాలుగు నెలల ట్యూబు తర్వాత మొదటి వారం, పది రోజులు దురద ఎగదన్నే అవకాశం ఎక్కువ. ఆఫీసులో మీటింగులు, ఇంట్లో ఈ గొడవ పెట్టుకుని మీరు అన్నాళ్లు ఓర్చుకోగలరా అన్నది మీకే తెలియాలి.

రెండు, మందు షాంపూ మొదలుపెట్టడం. ఆ ఈస్ట్‌ను అణిచే కీటోకోనజోల్ 2 శాతం ఉన్నది అన్ని మందుల షాపుల్లో దొరుకుతుంది. వారానికి రెండుసార్లు చొప్పున రెండు నుంచి నాలుగు వారాలు వాడాలి. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే: జడంతా నురగ చేసి అర నిమిషంలో కడిగేస్తారు. అది జుట్టుకి మందు కాదు, మాడుకి. తల తడిపి, పాయ పాయ తీస్తూ వేలి కొసలతో మాడుకి పట్టించి, గడియారం చూసుకుని ఐదు నిమిషాలు ఉంచండి. చెవుల వెనకా, కనుబొమ్మలకీ ఆ నురగే కొద్దిగా రాయొచ్చు, కంట్లో పడకుండా. మధ్యలో తల కడుక్కోవాలనిపిస్తే మామూలు షాంపూ చాలు. తగ్గాక వారానికో, రెండు వారాలకో ఒకసారి. దీనితో వచ్చే చిక్కు, జుట్టు కొంచెం పీచులా అవుతుంది. అక్కడికి అమ్మగారి నూనె వస్తుంది, ఆ సంగతి కింద చెబుతాను. సెలీనియం సల్ఫైడ్, జింక్ పైరిథియోన్ ఉన్న షాంపూలు కూడా ఇదే పని చేస్తాయి. ఒకటి పడకపోతే ఇంకోటి. పొలుసు మరీ మందంగా ఉంటే సాలిసిలిక్ ఆమ్లం ఉన్నది ముందు వాడితే పెచ్చు వదులవుతుంది, కానీ గోకిన చోట మంటపుడుతుంది. గర్భం కోసం ప్రయత్నిస్తుంటే మాత్రం ఏదైనా మొదలుపెట్టే ముందు మీ డాక్టరుకి ఒక మాట చెప్పండి.

మూడు, నేరుగా చర్మవైద్యుల దగ్గరకు వెళ్లడం. మీ విషయంలో నా మొగ్గు ఇటే కొంచెం ఎక్కువ. దానికి కారణం ఆ ట్యూబు. రెండు రోజుల్లో దురద మాయం చేసి వారానికి వెనక్కి తెచ్చేదాంట్లో స్టెరాయిడ్ ఉండి తీరుతుందని నా అనుమానం. షాపుల్లో ఇచ్చే అలాంటి ట్యూబుల్లో ఒక గట్టి స్టెరాయిడ్, ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ కలిపేసి ఉంటాయి. స్టెరాయిడ్ వాపును నొక్కేస్తుంది, ఆపగానే అది మళ్లీ లేస్తుంది. డాక్టరు చేతిలో కొన్నాళ్లకి అది మంచి మందే, నేనూ రాస్తాను. కానీ నెలల తరబడి రాస్తే, మాడు కంటే ముందు, దాని పక్కనున్న నుదురు, కనుబొమ్మల దగ్గరి చర్మం పలచబడుతుంది, మొటిమలు లేస్తాయి. 2018లోనే కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని జాబితాలో చేర్చింది. చీటీ అడిగే షాపులు ఎన్నో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీరు దాన్ని అప్పుడప్పుడు రాశారా, రోజూ రాశారా అన్నది ఉత్తరంలో స్పష్టంగా లేదు. రోజూ అయితే ఒక్కసారిగా ఆపకుండా, ఎలా తగ్గించాలో అడిగి ఆపండి.

రెండో దారిలో మొదలుపెట్టి, నాలుగు వారాలకి తేడా లేకపోతే మూడో దారికి రావడం కూడా తప్పు కాదు. అయితే రసి కారినా, చీము పట్టినా, గుండ్రంగా జుట్టు ఊడి మచ్చలు పడినా నాలుగు వారాలు ఆగకండి.

సెలూన్ ప్యాకేజీ గురించి ఒక్క మాట: ఆవిరి పట్టి, క్రీము రాసి, మసాజ్ చేస్తారు. ఆ రోజు హాయిగా ఉంటుంది. ఆ డబ్బుతో మంచి ఒక నల్ల చీర కొనుక్కోండి.

వంటింటి వైద్యాలు కూడా రాశారు కదా. నిమ్మరసం వదిలేయండి. గోకిన చర్మం మీద అంత పుల్లటిది పోస్తే మండక ఏమవుతుంది? దాన్ని రాసుకుని ఎండలోకి వెళితే నుదుటి మీద కమిలిన నల్ల మచ్చలు కూడా పడతాయి. పెరుగుతో చుండ్రు పోవడం నేను చూడలేదు, పెద్దగా చెడిందీ చూడలేదు. వాసన మీ ఇష్టం. మెంతులు, మందార ఆకు నూరి పెట్టుకుంటే జుట్టు మెత్తబడుతుంది. కానీ ఆ ముద్ద సరిగ్గా పోకపోతే ఎండి పొడిపొడిగా రాలుతుంది. దాన్ని చుండ్రనుకుని మళ్లీ మెంతులు నూరేవాళ్లు ఉన్నారు! కుంకుడుకాయకీ ఇదే జాగ్రత్త. రసం బాగా వడకట్టండి, పిప్పి తలలో ఉండిపోకూడదు. ఒకటి మాత్రం నిజం, కుంకుడు మీ ఊరి కాలవ నీళ్లలో వచ్చినట్టు బోరు నీళ్లలో రాదు.

ఆ నీళ్ల సంగతి. గీజర్ కాయిల్ రెండుసార్లు మార్పించామని, బకెట్ లోపల తెల్లటి చార గీకినా పోదని రాశారు. అది కాల్షియం, మెగ్నీషియం. తాగునీటికి మన ప్రమాణాల ప్రకారం వాటివల్ల వచ్చే కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్లు లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. మీ అపార్ట్‌మెంట్ నీళ్లు ఒకసారి పరీక్ష చేయించమని అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో అడగండి, ఎవరో ఒకరు చేయించే ఉంటారు. కఠినమైన నీళ్లలో సబ్బు, షాంపూ చర్మం మీద నుంచి సరిగ్గా వదలవు, ఆ మిగిలినది పొడిబారిన చర్మాన్ని ఇంకా రేపుతుంది. అలాగని చుండ్రు మొత్తం నీళ్ల మీదకి తోసేయలేం. అదే నీళ్లతో మీ అత్తయ్యగారి తల బాగానే ఉంది కదా. షవర్‌కి బిగించే చిన్న ఫిల్టర్లు చాలావరకు క్లోరిన్‌నీ, మడ్డినీ పట్టుకుంటాయి తప్ప కాఠిన్యాన్ని తగ్గించవు. తగ్గించేది సాఫ్ట్‌నర్, ఉప్పు పోసి నడిపేది. అది బిల్డింగ్ మొత్తానికి అయితేనే ఖర్చు గిట్టుతుంది. ఈలోగా చవకైన ఉపాయం, తలంటు అయ్యాక చివరి రెండు మగ్గులు తాగే క్యాన్ నీళ్లు పోసుకోండి. తల ఆరకుండా ముడి వేసుకుని ఆఫీసుకి పరుగెత్తకండి.

ఇక నూనె. మీ అమ్మగారి ఐదు లీటర్ల డబ్బా పారేయమని నేను చెప్పను. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగుతుంది, తలస్నానంలో వెంట్రుకలోని ప్రొటీన్ పోకుండా కాపాడుతుంది. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఈ పని చేయలేకపోయాయి. అది వెంట్రుకకి చేసే మేలు. మీ జబ్బు ఉన్నది చర్మంలో. కాబట్టి చెవుల కింద నుంచి జడ కొస దాకా నూనె రాయండి, గంట ఉంచి తలంటుకోండి. మాడు జోలికి వెళ్లకండి, కనీసం పొలుసు పూర్తిగా తగ్గేదాకా. మందు షాంపూతో పీచైన జుట్టు కూడా దీంతో దారికొస్తుంది. అమ్మ ఫోన్ చేస్తే "నూనె పెట్టుకుంటున్నానమ్మా" అని ధైర్యంగా చెప్పొచ్చు. అబద్ధం కాదు కదా. నిజం మొత్తం చెబుతానంటే ఇంకా మంచిది. "నీ నూనె తప్పు కాదు, ఇక్కడి నీళ్లు వేరు, నా తలకి వచ్చింది వేరు" అంటే గోదావరి మనిషికి నీళ్ల తేడా అర్థం కాకుండా ఉండదు. నేను చర్మవైద్యం చదివి వచ్చాక కూడా మా అమ్మ నా నెత్తిన అరచేత్తో నూనె చరిచేది. ఆ చేయి వద్దనడం ఎంత కష్టమో నాకు తెలుసు.

అత్తయ్యగారి విషయంలో మీరు రెండు చేయొచ్చు. ఊరుకోవచ్చు. నెల తిరిగేసరికి పొట్టు తగ్గితే ఆ హాస్యానికి సరుకు ఉండదు. కానీ ఆ ఉప్పు మాట మీలో ఉండిపోతుంది, ఉత్తరంలో దాన్ని మూడుసార్లు రాశారు. లేదా ఒకరోజు ఇద్దరే ఉన్నప్పుడు, టీ తాగుతూ, "అత్తయ్యా, మీరు నలుగురిలో భుజం దులిపినప్పుడు నాకు చాలా బాధేసింది. ఇది జబ్బు, మందు వాడుతున్నాను" అని చెప్పొచ్చు. ఆవిడ నొచ్చుకోవచ్చు, ఒకటి రెండు రోజులు ముభావంగా ఉండొచ్చు. అలాగని మీ వారి చేత చెప్పించకండి. కొడుకు నోటి నుంచి వస్తే ఆ మాట ఫిర్యాదులా వినపడుతుంది. ఆవిడ చెప్పిన దాంట్లో సగం నిజమేనని, మాడుకి నూనె ఆపేశానని మొదట చెబితే, తర్వాతి మాట వినడం తేలికవుతుంది.

జీవితాంతం ఉంటుందా అన్నారు. చుండ్రు స్వభావమే అంత: తగ్గుతుంది, చలికాలంలోనో, నిద్ర లేని ప్రాజెక్టు రోజుల్లోనో మళ్లీ తొంగి చూస్తుంది. అప్పుడు రెండు వారాలు షాంపూ వాడితే సర్దుకుంటుంది. బీపీలా రోజూ మోసేది కాదు.

డాక్టరు దగ్గరకు వెళ్లాలని తేల్చుకుంటే, ఆ రోజు తలకి నూనె పెట్టుకోకండి, పొద్దున్నే తలంటుకుని కూడా వెళ్లకండి. శుభ్రంగా కడిగిన తల చూసి మేం ఏమీ చెప్పలేం. ఆ ట్యూబు అయిపోయినా సరే, ఖాళీది పర్సులో వేసుకెళ్లండి.